టూ ప్లస్ తర్వాత చుక్కల లెక్క

"ఏరా, మీ పిన్నికి చేప పరీక్ష రాశారు. అంటే ఏంటి, చేపలు తినమనా, మానెయ్యమనా?"

గుంటూరు నుంచి బాబాయి ఫోన్. నవ్వించడానికి అన్న మాట కాదు, నిజంగానే అడుగుతున్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. వెనకాల పిన్ని "వాడికి క్లాసులుంటాయి, ఇప్పుడెందుకు" అనడం కూడా వినబడుతోంది.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు బయాలజీ చెప్పుకునేవాణ్ణి. డాక్టర్ని కాను మొర్రో అన్నా మావాళ్లు వినరు. ఎవరికి ఏ రిపోర్టు వచ్చినా ఫొటో తీసి ముందు నాకే పంపుతారు. ఈసారి వచ్చింది పిన్ని రొమ్ములో గడ్డకి చేసిన బయాప్సీ రిపోర్టు. చివరి వరసలో "హెర్2: 2+, ఫిష్ చేయించాలి" అని ఉంది.

ఫ్లోరసెన్స్ ఇన్ సిటు హైబ్రిడైజేషన్. ఈ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఫిష్ అయింది. చేపకీ దీనికీ అంతకు మించి చుట్టరికం లేదు. మెరిసే రంగు తగిలించిన డీఎన్ఏ ముక్కని కణంలోకి పంపి, ఫలానా జన్యువు ఎక్కడుందో, ఎన్ని కాపీలుందో చూసే పద్ధతి ఇది. ఆ ముక్కనే ప్రోబ్ అంటారు.

బాబాయి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. సైన్సు చెబితే వినడు గానీ లెక్క చెబితే వింటాడు. అందుకే అటు నుంచే మొదలుపెట్టాను. ఫిష్ అంటే లెక్క, బాబాయ్. క్యాన్సర్ ఉందా లేదా అని చెప్పే పరీక్ష కాదు, ఆ సంగతి బయాప్సీ ముందే చెప్పేసింది. ఇది కణంలో చుక్కలు లెక్కపెట్టి, ఫలానా మందు పనికొస్తుందా రాదా అని తేల్చే పరీక్ష.

ముందు ఆ 2+ సంగతి. మన కణాల్లో క్రోమోజోములు 23 జతలు. 17వ జతలో హెర్2 అనే జన్యువు ఉంటుంది. అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, మొత్తం రెండు కాపీలు. దాని నుంచి తయారయ్యే ప్రోటీను కణం పైపొర మీద కూర్చుని, "పెరుగు, రెండుగా చీలు" అనే కబుర్లను లోపలికి చేరవేస్తుంది. గుమ్మానికి కాలింగ్ బెల్ లాంటిదనుకోండి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఈ ఒక్క జన్యువే, జిరాక్స్ మెషీన్ ఆపడం మర్చిపోయినట్టు, పది, ఇరవై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాపీలు అయిపోతుంది. ఇంటినిండా బెల్లులే. అన్నీ ఒకేసారి మోగుతుంటాయి. కణం ఆగకుండా చీలుతూ పోతుంది.

1987లో అమెరికాలో డెనిస్ స్లామన్ బృందం 189 రొమ్ము గడ్డలను పరీక్షించి, వాటిలో దాదాపు 30 శాతంలో ఈ జన్యువు కాపీలు పెరిగి ఉన్నాయనీ, ఆ స్త్రీలలో జబ్బు త్వరగా తిరగబెడుతోందనీ చూపింది. తర్వాతి పెద్ద లెక్కల్లో ఆ వాటా 15 నుంచి 20 శాతం దగ్గర స్థిరపడింది. 1998లో ట్రాస్టుజుమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఆ బెల్లుల మీదే పనిచేస్తుంది. హెర్2 పెరిగిన వాళ్లకి వరం. పెరగనివాళ్లకి ఇస్తే డబ్బు దండగ, పైగా గుండె మీద భారం. అందుకే ఎవరికి ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి.

తేల్చడానికి మొదట చేసేది ఐహెచ్‌సీ. ప్రోటీనుకి గోధుమ రంగు పట్టించి చూస్తారు. 0, 1+ అయితే నెగెటివ్. కణాల అంచులు ముదురు రంగులో పూర్తిగా చుట్టుకుని కనిపిస్తే 3+, పాజిటివ్. ఈ రెంటికీ మధ్య, రంగు ఉంది గానీ అంత గట్టిగా లేదు అన్నప్పుడు 2+ రాస్తారు. అంటే రంగు చూసి చెప్పడం కుదరలేదు, జన్యువునే లెక్కపెట్టండి అని. 2+ అనగానే జబ్బు రెండో దశ అనుకుని బెంగపడేవాళ్లని చాలామందిని చూశాను. మా బాబాయి కూడా అలాగే అనుకున్నాడు. స్టేజీకీ ఈ అంకెకీ సంబంధం లేదు. నిజానికి 2+ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫిష్‌లో నెగెటివ్‌గానే తేలతారు.

సరే, 300 కోట్ల అక్షరాల డీఎన్ఏలో ఒక్క జన్యువుని ఎలా పట్టుకోవడం?

డీఎన్ఏలో అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. రెండు పోగులు పెనవేసుకుని ఉంటాయి. ఒక పోగులో ఎ ఉన్నచోట ఎదురు పోగులో టి, జి ఉన్నచోట సి. వేరే జత కుదరదు. వేడి చేస్తే పోగులు విడిపోతాయి, చల్లార్చితే మళ్లీ తమ జోడీని వెతుక్కుని చుట్టుకుంటాయి. మనకి కావలసిన జన్యువుకి జోడీ అయ్యే ముక్కని బయట తయారుచేసి, రంగు తగిలించి, పోగులు విడిపోయిన సమయంలో లోపలికి పంపితే అది వెళ్లి తన జోడీ దగ్గరే కుదురుకుంటుంది. ఫిష్ అంతా ఈ ఒక్క గుణం మీదే నిలబడింది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటుంది. ఏటా క్లాసులో చేయిస్తాను. ఒక్కో స్థానంలో నాలుగు అక్షరాల్లో ఏదైనా రావచ్చు కాబట్టి, 16 అక్షరాలతో కూర్చగల మాటలు నాలుగుని పదహారుసార్లు వేసి గుణించినన్ని. అంటే దాదాపు 430 కోట్లు. మన డీఎన్ఏ మొత్తం అక్షరాలే 300 కోట్లు. కాబట్టి కాగితం మీద లెక్క ప్రకారం 16, 17 అక్షరాల మాట ఆ మొత్తం గ్రంథంలో ఒక్కచోటే దొరకాలి. అంత చిన్న ముక్క చాలు చిరునామాకి!

మరి హెర్2 ప్రోబ్ లక్షకు పైగా అక్షరాల నిడివి ఎందుకుంటుంది? ఒక తెలివైన పిల్ల ఏటా ఈ ప్రశ్న అడుగుతుంది, ఏటా నాకు సంతోషమేస్తుంది. జవాబు: చిరునామా దొరకడం వేరు, కంటికి కనబడడం వేరు. 16 అక్షరాల ముక్కకి తగిలించగలిగే రంగు అణువులు ఒకటో రెండో. మామూలు ల్యాబ్ మైక్రోస్కోపులో ఆ వెలుగు మనిషి కంటికి ఆనదు. అందుకే జన్యువునీ దాని చుట్టుపక్కలనీ కప్పేంత పొడవు డీఎన్ఏ తీసుకుని, చిన్న చిన్న ముక్కలు చేసి, అన్నిటికీ రంగు అద్దుతారు. ఆ ముక్కలన్నీ పక్కపక్కనే అతుక్కుంటే అప్పుడు ఒక చుక్కగా వెలుగుతుంది.

పొడవు పెరిగితే ఇంకో తలనొప్పి. మన డీఎన్ఏలో దాదాపు సగం, అటూ ఇటూ అవే మాటలు తిరగతిరగ వస్తుంటాయి. "రామాలయం పక్క ఇల్లు" అని చిరునామా చెబితే పోస్ట్‌మ్యాన్ ఏ ఊరు వెళ్లాలి? ప్రతి ఊళ్లోనూ రామాలయం ఉందిగా. ప్రోబ్‌లోని అలాంటి ముక్కలు ఎక్కడపడితే అక్కడ అతుక్కుని కణమంతా మసగ్గా వెలిగిస్తాయి. అందుకని ఆ తిరగతిరగ వచ్చే డీఎన్ఏనే రంగు లేకుండా ముందుగా కలుపుతారు. అది వెళ్లి రామాలయాలన్నిటి దగ్గరా చోటు ఆక్రమించేస్తుంది. రంగున్న ముక్కలకి అసలు చిరునామా మాత్రమే మిగులుతుంది.

ఇక మెరుపు. పిల్లలకి దీన్ని పసుపుతో చూపిస్తాను. దుగ్గిరాల పసుపు చిటికెడు తీసుకుని స్పిరిట్‌లో కలిపి, బట్టల కొట్లో దొంగనోట్లు చూసే నీలం లైటు కింద పెట్టండి. ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగు వస్తుంది, సీసాలో దీపం పెట్టినట్టు. కొన్ని అణువులు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి, కాస్త శక్తి తమ దగ్గరే ఖర్చుచేసుకుని, మిగతాది కనబడే రంగుగా బయటికి వదులుతాయి. పసుపులోని కుర్కుమిన్ అలాంటిదే. 1852లో జార్జ్ స్టోక్స్ ఈ గుణానికి ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు, ఫ్లోర్‌స్పార్ అనే రాయిని బట్టి. మింగిన కాంతి ఒక రంగు, వదిలిన కాంతి వేరే రంగు కాబట్టి, మధ్యలో ఫిల్టర్ పెట్టి మొదటిదాన్ని ఆపేస్తే నల్లటి నేపథ్యం మీద చుక్క మాత్రమే మిగులుతుంది. పట్టపగలు కనబడని మిణుగురు అమావాస్య రాత్రి కనబడడం ఇందుకే.

మొదట్లో ప్రోబ్‌లకి ఈ రంగులు లేవు. 1969లో యేల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ కప్ప జాతి కణాల మీద ఈ పద్ధతిని తొలిసారి చేసినప్పుడు వాడింది రేడియోధార్మిక ప్రోబ్. స్లైడు మీద ఫిల్ము పూత పూసి చీకట్లో వారాల తరబడి ఉంచితేగానీ మచ్చ పడేది కాదు. 1980 దశకంలో మెరిసే రంగులు వచ్చాక వారాల పని రెండు రోజులకి దిగింది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో డాన్ పింకెల్, జో గ్రే 1986లో ఆ వెలుగుని కొలవడం కూడా చూపించారు.

ఇన్ సిటు అంటే ఉన్నచోటే అని. ఈ మాట విలువ తెలియాలంటే స్లామన్ ఎలా చేశాడో చూడాలి. అప్పట్లో గడ్డ ముక్కని నూరి, డీఎన్ఏ అంతా బయటికి లాగి కొలిచేవారు. గోంగూర పచ్చడి నూరేశాక ఉప్పు మొత్తం మీద ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది గానీ, ఏ ఆకుకి ఎంత పట్టిందో ఎవరు చెప్పగలరు? గడ్డలో క్యాన్సర్ కణాలతో పాటు కొవ్వు, రక్తనాళాలు, తెల్ల రక్తకణాలు అన్నీ ఉంటాయి. నూరితే అన్నీ కలిసిపోయి లెక్క పలచబడుతుంది. ఫిష్‌లో నూరడం లేదు. కణం తన చోట తను ఉంటుంది, దానిలో చుక్కలు లెక్కపెడతాం.

ల్యాబ్‌లో జరిగేది క్లుప్తంగా. మైనంలో బిగించిన కణజాలాన్ని 4, 5 మైక్రాన్ల పొరలుగా కోస్తారు. మైనం కరిగించి, ఎంజైముతో ప్రోటీన్ల వల కాస్త వదులు చేసి, 70 డిగ్రీలు దాటిన వేడిలో పోగులు విడగొట్టి, ప్రోబ్ వేసి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పొద్దున ఉప్పునీళ్లతో కడిగితే ఉత్తినే అంటుకున్న ముక్కలు పోతాయి. డీఎన్ఏకి నీలం రంగు పట్టే డాపి వేస్తారు. ఇక చీకటి గదిలో మైక్రోస్కోపు. నీలం కేంద్రకంలో ఎర్ర చుక్కలు హెర్2వి, ఆకుపచ్చ చుక్కలు 17వ క్రోమోజోము నడుముకి పెట్టిన గుర్తులు. ఆ రెండోదాన్ని సెప్17 అంటారు. లైటు కింద ఎక్కువసేపు ఉంచితే రంగులు వెలిసిపోతాయి, అందుకే చూసిన వెంటనే ఫొటోలు తీసి పెట్టుకుంటారు.

ఎన్ని కణాలు లెక్కపెడతారు? కనీసం 20. ఇది విన్నప్పుడు బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లక్షల కణాల్లో ఇరవయ్యేనా? ఇదేం లెక్కరా" అన్నాడు.

"యార్డులో వంద టిక్కీలు వస్తే అన్నీ కుమ్మరించి చూస్తావా బాబాయ్?"

"చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాం. కానీ ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే తీయాలి. పైన తేజ కాయ పరిచి అడుగున తాలు కూరేవాళ్లుంటారు."

సరిగ్గా అదే. పాథాలజిస్టు ముందు మామూలు స్లైడు చూసి, పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయిన క్యాన్సర్ ఎక్కడుందో గుర్తు పెడతారు. అక్కడే లెక్క జరగాలి. పాలనాళాల లోపలే ఉండిపోయిన ముందుదశ కణాల్లో లెక్కపెడితే అంకె తప్పుదారి పట్టిస్తుంది. మొత్తం స్లైడంతా ఒకసారి తిరిగి చూసి, ఒకచోట చుక్కలు గుంపులుగా, ఇంకోచోట రెండే ఉంటే రెండు చోట్లా విడిగా లెక్కపెట్టాలి. 20 అనే అంకె చిన్నదే, కానీ ఆ 20 ఎవరు ఎంచారన్నదే అసలు పని.

పిన్ని రిపోర్టు పది రోజుల తర్వాత వచ్చింది. 20 కణాల్లో ఎర్ర చుక్కలు 104, ఆకుపచ్చవి 46. కణానికి సగటున హెర్2 5.2, సెప్17 2.3, నిష్పత్తి 2.26. పాజిటివ్ అని రాశారు.

"రెండు ఉండాల్సినచోట ఐదున్నాయి, అయిపోయిందిగా. ఆ పచ్చ చుక్కలెందుకు మధ్యలో?" అని బాబాయి. ఈ ప్రశ్న చిన్నది కాదు. ఫిష్‌లో గజిబిజి అంతా ఇక్కడే ఉంది.

క్యాన్సర్ కణాల్లో ఒక్కోసారి 17వ క్రోమోజోము మొత్తానికి మొత్తం నాలుగైదు కాపీలవుతుంది. అప్పుడు హెర్2 కూడా నాలుగైదు కనిపిస్తుంది గానీ, అది పెరిగింది హెర్2 కోసం కాదు, బండి మొత్తం పెరిగితే డ్రైవరూ పెరిగినట్టు. ఇంకో సంగతి, పొర కోసేటప్పుడు కత్తి కొన్ని కేంద్రకాలను సగానికి నరుకుతుంది. కొన్ని చుక్కలు పక్క పొరలోకి పోతాయి. ఎర్రవి పోతే పచ్చవీ దాదాపు అదే పాళ్లలో పోతాయి. కాబట్టి నిష్పత్తి చూస్తే ఆ నష్టం చాలావరకు సర్దుకుంటుంది. తూకంలో గోనె బరువు తీసేయడం లాంటిది. నిష్పత్తి 2.0 లేదా ఆపైన, సగటు హెర్2 4.0 లేదా ఆపైన ఉంటే నిస్సందేహంగా పాజిటివ్. రెండూ తక్కువైతే నెగెటివ్.

కానీ గోనే తేడాగా ఉంటే? కణానికి ఎర్రవి 3, పచ్చవి 1.2 అనుకోండి. నిష్పత్తి 2.5, పాజిటివ్‌లా కనిపిస్తుంది. నిజానికి హెర్2 ఏమంత పెరగలేదు, పచ్చ గుర్తు ఉన్న భాగం పోయింది. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. హెర్2 పక్కనే ఉన్న నడుము భాగం కూడా కలిసి పెరిగితే, ఎర్రవి 7, పచ్చవి 4 వచ్చి నిష్పత్తి 1.75 దగ్గర ఆగుతుంది. ఎర్రవి ఏడున్నా కాగితం మీద నెగెటివ్‌లా ఉంటుంది. ఇలాంటి మధ్యరకాల గొడవ తీర్చడానికే 2018లో అమెరికన్ నిపుణుల సంఘాలు నియమాలు మార్చాయి. అంకె ఒక్కటే చూడకుండా అదే కణజాలం ఐహెచ్‌సీని పక్కన పెట్టుకోవాలి. అది 2+ అయితే మొదటి లెక్క తెలియని రెండో మనిషి మళ్లీ కనీసం 20 కణాలు లెక్కపెట్టాలి. అప్పటికీ మారకపోతే, మొదటి ఉదాహరణని నెగెటివ్‌గా, సగటు 6 దాటిన రెండోదాన్ని పాజిటివ్‌గా తీసుకుంటారు. కాబట్టి రిపోర్టులో నిష్పత్తి ఒక్కటే రాసి సగటులు రాయకపోతే, అడిగి రాయించుకోవాల్సిందే. నా వరకు నేను ఆ విషయంలో మొహమాటపడను.

ఇంతవరకు చెప్పింది మైక్రోస్కోపు దగ్గర జరిగేది. అసలు ఫిష్ పాడైపోయేది చాలాసార్లు అంతకు ముందే, ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర.

మన ఊళ్లలో ఆపరేషన్ అయ్యాక తీసిన గడ్డని డబ్బాలో పెట్టి, పేషెంటు తరఫు మనిషి చేతికి ఇచ్చి "ల్యాబ్‌లో ఇచ్చి రండి" అనడం మామూలే. మా కాలేజీలో తోటి లెక్చరర్ ఒకాయన వాళ్ల అత్తగారి విషయంలో ఆ డబ్బా మోశాడు. డబ్బా చిన్నది, గడ్డ పెద్దది. కుక్కి పెట్టి పైన కాస్త ఫార్మలిన్ పోశారు. ఆ రోజు భోగి. ల్యాబ్‌కి తాళం. పండగ మూడు రోజులూ, ఆపైన ఆదివారం, డబ్బా వాళ్లింట్లో ఫ్రిజ్ పైన ఉంది. తర్వాత ఐహెచ్‌సీలో రంగు అంచుల్లో ఒకలా, మధ్యలో ఒకలా పట్టింది. ఫిష్‌కి పంపితే "సిగ్నళ్లు లెక్కించడానికి వీలుగా లేవు" అని తిరిగొచ్చింది. ఆయన ఎవర్నీ తిట్టలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫార్మలిన్ కణజాలాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచే మందు. ఒంట్లోంచి తీసిన గంటలోపు అందులో పడాలి, లేకపోతే కణాలు తమను తామే జీర్ణించుకోవడం మొదలుపెడతాయి. అది లోపలికి ఇంకడం మెల్లగా, గంటకి మిల్లీమీటరు చొప్పున అనుకోవచ్చు. కాబట్టి పెద్ద గడ్డని ముందు చీల్చి వేయాలి, ముక్కకి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. లేకపోతే బయట ఊరగాయ, లోపల పచ్చిది. మరీ ఎక్కువసేపు ఉంచినా ప్రోటీన్లు బిగుసుకుపోయి ప్రోబ్ లోపలికి దూరలేదు. రొమ్ము క్యాన్సర్ నియమాల్లో రాసిన హద్దు 6 నుంచి 72 గంటలు. క్యాన్సర్ ఎముకలోకి పాకినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఎముకని మెత్తబరచడానికి ఘాటైన యాసిడ్ వాడితే డీఎన్ఏ ముక్కలైపోయి ఫిష్‌కి పనికిరాదు.

ఆ అత్తగారి కథ మంచిగానే ముగిసింది. ఆపరేషన్‌కి ముందు సూదితో తీసిన చిన్న బయాప్సీ బ్లాకు, అంటే మైనంలో బిగించిన ముక్క, ల్యాబ్‌లో భద్రంగా ఉంది. సన్నటి పోగు కాబట్టి ఫార్మలిన్ చక్కగా పట్టింది. దానిమీద ఫిష్ చేస్తే చుక్కలు ముత్యాల్లా వచ్చాయి.

హెర్2లో ప్రశ్న "ఎన్ని?" అన్నది. కొన్ని క్యాన్సర్లలో ప్రశ్న "ఎక్కడ?" అవుతుంది. విజయవాడ జంక్షన్‌లో బోగీలు విడదీసి వేరే రైలుకి తగిలించడం మా చిన్నప్పుడు చూసేవాళ్లం. పొరపాటున రెండు రైళ్ల వెనక బోగీలు తారుమారైతే, చెన్నై వెళ్లాల్సినవాళ్లు హౌరాకి పోతారు. బోగీలు ఒక్కటీ తగ్గలేదు, పెరగలేదు, కానీ అంతా తలకిందులు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఒక రకం రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో పొట్టిదైపోయిన ఒక క్రోమోజోమును చూశారు. 1973లో జానెట్ రౌలీ ఆ తగ్గిన ముక్క మాయమైపోలేదనీ, 9వ, 22వ క్రోమోజోముల తోకలు తారుమారయ్యాయనీ తేల్చింది. ఆ అతుకు దగ్గర బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసి, ఆగని మోటారు లాంటి ప్రోటీను తయారవుతుంది. దాన్ని ఆపే మందు ఇమాటినిబ్‌కి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక్కడ ఫిష్ ఎత్తు అందంగా ఉంటుంది. ఏబీఎల్‌కి ఎరుపు, బీసీఆర్‌కి ఆకుపచ్చ ప్రోబ్. ఆరోగ్యంగా ఉన్న కణంలో రెండు ఎరుపు, రెండు పచ్చ, దూరదూరంగా. అతుకు పడిన చోట ఎరుపూ పచ్చా ఒకదానిమీద ఒకటి పడి పసుపుగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే కేంద్రకం గుండ్రటి బంతి, మనం చూసేది పైనుంచి. ఒకటి పైనా ఒకటి కిందా ఉన్న చుక్కలు కూడా కలిసినట్టే కనబడి దొంగ పసుపు వస్తుంది. అందుకని రెండు అతుకులూ కనబడేంత పెద్ద ప్రోబ్‌లు తయారుచేశారు. నిజమైన జబ్బు కణంలో ఒక్క పసుపు కాదు, రెండు పసుపులు రావాలి. యాదృచ్ఛికంగా రెండూ ఒకే కణంలో కలవడం అరుదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఏఎల్‌కే జన్యువుకి దీన్ని తిరగేశారు. ఒకే జన్యువుకి అటొక రంగు, ఇటొక రంగు. ఆరోగ్యంగా ఉంటే కలిసి ఉంటాయి, జన్యువు తెగితే విడిపోతాయి. ఎవరితో అతుక్కుందో తెలియకపోయినా తెగిన సంగతి తెలుస్తుంది. 50 కణాలు చూసి 15 శాతమో ఆపైనో విడిపోతే పాజిటివ్. ఇప్పుడు ఈ పనిలో చాలాభాగం ఐహెచ్‌సీయే చవకగా, త్వరగా చేసేస్తోంది.

ఫిష్‌కి చూపు ఆననిది కూడా ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లోనే ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఒక్క అక్షరం మారితే మందు మారిపోతుంది. లక్ష అక్షరాల ప్రోబ్‌కి ఒక్క అక్షరం తేడా ఏం లెక్క? హాయిగా అతుక్కుంటుంది. అక్కడ కురచ ప్రోబ్‌లు కావాలి. 1996లో సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రేమర్ న్యూయార్క్‌లో మాలిక్యులర్ బీకన్ అనేదాన్ని తయారుచేశారు. తలపిన్ను ఆకారంలో ముడుచుకున్న డీఎన్ఏ ముక్క, ఒక కొసన రంగు, రెండో కొసన ఆ వెలుగుని మింగేసే అణువు. సరైన జోడీ దొరికితే పిన్ను విచ్చుకుని వెలుగుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ముడుచుకునే ఉండిపోతుంది. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ గుర్తుందా? సీటీ వాల్యూ ఎంత అని ఫోన్లు చేసుకున్నాం కదా. అందులోనూ ఇలాంటి ప్రోబే. కాకపోతే అక్కడ పిన్ను విచ్చుకోదు. కాపీలు తీసే ఎంజైమే ఎదురొచ్చిన ప్రోబ్‌ని కొరికేసి రంగుని విడుదల చేస్తుంది.

ఇప్పుడు డీఎన్ఏ మొత్తం చదివేసే యంత్రాలొచ్చాయి కాబట్టి చుక్కల లెక్క పాతబడిందని కొందరంటారు. నాకు అలా అనిపించదు. ఒక ఉదాహరణ చాలు. క్యాన్సర్ కణాల్లో పెరిగిన జన్యువులు ఒక్కోసారి క్రోమోజోములో ఉండవు, ఉంగరాల్లా విడిగా తిరుగుతుంటాయి. 2017 తర్వాత వీటి మీద పరిశోధన బాగా ఊపందుకుంది. కణం చీలేటప్పుడు క్రోమోజోములు చెరిసగం పంచుకుంటాయి గానీ ఈ ఉంగరాలకి సర్వేయరు లేడు. పంపకాల్లో ఒక కొడుక్కి పదెకరాలు, ఇంకొకడికి అరెకరం వచ్చినట్టు, ఒక పిల్ల కణానికి యాభై, రెండోదానికి ఐదు రావచ్చు. మందు వేస్తే కొన్ని కణాలు చచ్చి కొన్ని ఎందుకు మిగులుతాయో అర్థం కావాలంటే ఈ పంపకం చూడాలి. అంతా నూరి చదివే యంత్రం సగటు చెబుతుంది. ఏ కణానికి ఎంతొచ్చిందో చుక్కలే చూపిస్తాయి.

పిన్నికి ట్రాస్టుజుమాబ్ మొదలైంది. మొదటి డోసుకి ముందు గుండెకి ఎకో తీశారు, మధ్యమధ్యలో మళ్లీ తీస్తామన్నారు. పక్క మంచం ఆవిడకి 2+, ఫిష్ నెగెటివ్. ఆవిడ కొడుకు "డబ్బులు దండగయ్యాయి" అని బాధపడుతుంటే, బాబాయి నన్ను పిలిచి మాట్లాడమన్నాడు. ఆ కాగితం పారేయొద్దని చెప్పాను. 2022లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందుకి, జబ్బు వేరే అవయవాలకి పాకినవాళ్లలో, సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. 1+ వాళ్లూ, 2+ వచ్చి ఫిష్ నెగెటివ్ అయినవాళ్లూ ఇప్పుడు "హెర్2-లో" (ఇంగ్లీషు లో, అంటే తక్కువ) అనే కొత్త వరసలోకి వచ్చారు. ఆవిడకి ఆ అవసరం రాకూడదనే కోరుకుందాం, వస్తే మాత్రం ఆ అంకె కావాలి.

బాబాయి ల్యాబ్‌కి వెళ్లి పిన్ని బ్లాకు అడిగి తెచ్చుకున్నాడు. అగ్గిపెట్టెకంటే చిన్న ప్లాస్టిక్ గూడు, అందులో మైనం, మైనంలో గోరంత ముక్క. దాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి, పొలం పాసుపుస్తకాల పక్కన బీరువాలో పెట్టాడట. బీరువా పడమటి గోడకి ఉంటుంది, పైన రేకుల షెడ్డు. రాబోయేది మే నెల. ఆ మైనం కరిగేది 56, 58 డిగ్రీల దగ్గరే గానీ, గుంటూరు ఎండని నేను నమ్మను. చల్లగా ఉండే మధ్యగదిలోకి మార్చమన్నాను.

"పాసుపుస్తకాలు కూడానా?" అని అడిగాడు.